చెట్ల తలకోతయు, కొమ్మల అల్లికయు

చెట్టు తల నరికినచో చచ్చునని సామాన్యముగా అనుకొందురు. కాని కొన్ని జాతుల చెట్లు తల నరికినకొలది చిగుర్చుచు, నరకని తోటి చెట్లకంటె ఎక్కువ కాలము జీవించుచున్నవి. లండను, పారిసు మొదలగు ఐరోపా నగరముల వీధులలో ఇట్టి చెట్లు బారులు తీరి యుండును. చలికాలమునందు వాటిపై ఆకు గాని రెమ్మ గాని యుండదు. లావైన మాను, దానిపై నాలుగైదు మొండి కొమ్మలు, ప్రతి కొమ్మ కొనయందు పిడికిలివంటి బొడిపె మాత్రము కానవచ్చును. ఎరుగనివారు ఆ చెట్లు చచ్చినవనుకొందురు. వసంతము రాగానే ప్రతి బొడిపె నుండియు చువ్వలవంటి రెమ్మలు గుంపుగా లేచి, వేసవి నాటికి వీధికి చక్కని నీడ పట్టును.

ఈ పనిని ఆంగ్లేయులు పొలార్డింగు అందురు. వారి భాషలో 'పోల్' అనగా తల. మనము దీనిని తలకోత అందము. దీనికి తోబుట్టువువంటి పని మరియొకటి కలదు. వరుసగా నాటిన చెట్ల కొమ్మలను ఒకదానితో నొకటి అల్లి ఆకుపచ్చని గోడ కట్టుట ఆ రెండవ పని. దానికి ప్లీచింగు అని పేరు. మనము కొమ్మల అల్లిక అందము.

నగరముల చెట్లను గూర్చి రైతుల పత్రికలో వ్రాయనేలయని సభ్యులు అడుగవచ్చును. కారణములు రెండు కలవు. పశువులను, పొయ్యిని, పొలము గట్టును చూచుకొనవలసిన రైతే తలకోతను కనిపెట్టెను. నగరము దానిని రైతువద్దనే నేర్చుకొనెను. ఇది మొదటిది. మన పట్టణములలోను, పెద్ద గ్రామములలోను కరెంటు తీగెల క్రింద చెట్ల తలలు తరచుగా నరకబడుచునే యున్నవి. అచ్చట కత్తి కలదు గాని విద్య లేదు. ఇది రెండవది. ఆ విద్య యేమో, అది లేని కత్తి యేమి చేయునో సభ్యులకు తెలియజేయుటకే ఈ వ్యాసము.

రైతు కనిపెట్టిన పని

వంటచెరకు కొరకు చెట్టును నేలమట్టముగా నరికినచో, మొదలు నుండి పిలకలు వచ్చును. కాని పశువులు తిరుగు చోట ఆ లేత పిలకలు నిలువవు. మేకయు ఆవును వాటిని మేసివేయును. అందుచేత ఐరోపా రైతులు పశువుల నోటికి అందని యెత్తున, అనగా నేలనుండి సుమారు 2 మొదలు 3 మీటర్ల పైన, మానును నరకసాగిరి. క్రింద పశువులు మేయుచుండగా, పైన వంటచెరకు పెరుగుచుండెడిది. ఒక్క నేల యందే రెండు పంటలు పండినట్లాయెను.

ఈ కోత వలన వారికి పొయ్యిలోనికి కట్టెలు, దడికి గుంజలు, పనిముట్లకు పిడులు లభించెడివి. కొన్ని ప్రాంతములలో ఆకులతోడి రెమ్మలను ఎండబెట్టి, మంచు కురియు నెలలలో పశువులకు మేతగా వేసెడివారు. హాలండు దేశములో కాలువ గట్ల వెంబడి నేటికిని తలకోసిన విల్లో చెట్లు బారులుగా నున్నవి. వాటి వేళ్లు గట్టును పట్టి యుంచును. రెమ్మలతో బుట్టలల్లిరి. ఆ రెమ్మలనే పెద్ద చాపలుగా కట్టి, పైన రాళ్లు వేసి నీట ముంచి, కరకట్టలు కోసికొనిపోకుండ అడుగున పరచిరి.

ఇంగ్లండులో ఈ చెట్ల విషయమై ఒక వాడుక యుండెడిది. మాను కలప భూస్వామిది. తలపై పెరుగు రెమ్మలు కౌలుదారువి. మాను నరికిన నేరము. రెమ్మ కోసిన హక్కు. కావున తలకోత చెట్టు పేదరైతునకు చెట్టు మాత్రమే గాక ఆస్తిగా కూడ నుండెను. ఆ హక్కు కొరకు నడచిన ఒక పోరాటము సహకార సభ్యులు వినదగినది.

లౌటను గ్రామస్థుల కథ

లండను నగరమునకు ఈశాన్యమున ఎప్పింగు అను అడవి యున్నది. అందు బీచి, హార్నుబీము, ఓకు జాతుల చెట్లు వేలకొలదిగా తలకోత పొందినవి. దాని యంచుననున్న లౌటను గ్రామస్థులకు చలికాలమున ఆ చెట్ల రెమ్మలు కోసికొను హక్కు అనాదిగా నుండెను. నవంబరు 11వ తేది అర్ధరాత్రి కోత మొదలిడుట ఆచారము. ఆ రాత్రి ఒక్కరైనను కొమ్మ కొట్టనిచో హక్కు గ్రామమునకే పోవునని వారి నమ్మకము. ఒక యేడు ఆ రాత్రి గ్రామస్థులకు విందు చేసి, త్రాగించి, కోత మరపింపవలెనని భూస్వామి పక్షము వారు యత్నించిరనియు, థామస్ విల్లింగేలు అను వృద్ధుడు వేళకు లేచిపోయి కొమ్మ కొట్టి తెచ్చి వారి యెదుట నిలిపెననియు ఆ ప్రాంతమున చెప్పుకొందురు.

కథ యెట్లున్నను, తరువాత జరిగినది చరిత్ర. 1860 తరువాతి సంవత్సరములలో ఆ భూస్వామి అడవిలో పెద్ద భాగమునకు కంచె వేసెను. విల్లింగేలు కుటుంబమువారు కంచెను లక్ష్యపెట్టక ఎప్పటివలె రెమ్మలు కోసిరి. ఆయన బంధువులు 1866లో చెరసాలకు పోయిరి. 1865లో స్థాపితమైన ఉమ్మడి భూముల రక్షణ సంఘము వారి ప్రోద్బలముతో విల్లింగేలు దావా వేసెను గాని, తీర్పు రాకమునుపే 1870లో మరణించెను. పిమ్మట లండను నగరపాలక సంస్థ తానే వేరొక వ్యాజ్యము నడిపి 1874లో గెలిచెను. 1878లో ఎప్పింగు అడవి చట్టము వచ్చెను. అడవి ప్రజలందరిదిగా నిలిచెను.

కాని ఆ చట్టముతోనే రెమ్మలు కోయు హక్కును ముగిసెను. గ్రామస్థులకు నష్టపరిహారము లభించెను. అందులో కొంత సొమ్ముతో 1884లో లౌటనులో ఒక సమావేశ మందిరము కట్టిరి. దానికి లాపింగ్ హాలు, అనగా కొమ్మకోత మందిరము అని పేరు. అది నేటికిని నిలిచియున్నది.

ఇక చెట్ల సంగతి. కత్తి ఆగిన పిమ్మట చెట్లకు సుఖము కలుగునని పలువురు తలంచిరి. అట్లు జరుగలేదు. తలకోత బొడిపె నుండి లేచిన రెమ్మలు పదిపండ్రెండేండ్లకు కోతకు రావలసినవి. అవి కోతలేక నూరేండ్లు పెరిగి, ఒక్కొక్కటి ఒక చెట్టంత లావాయెను. ఒక్క మాను తలపై అన్ని చెట్ల బరువు పడెను. గాలివానలకు కొన్ని మానులు నిలువున చీలిపోయినవి. గుబురు దట్టమై, క్రింద వెలుతురు లేక, చిన్న మొక్కలు నశించినవి. ఇరువదవ శతాబ్దము చివర అడవి పాలకులు తప్పు గుర్తించి కోత మరల ఆరంభించిరి. అప్పటికి కొంత ఆలస్యమైనది. ఒక్కసారిగా పాత యెత్తునకు నరికిన ముసలి బీచి చెట్లలో కొన్ని చిగుర్చక చచ్చినవి. అందుచేత నిప్పుడు పలు సంవత్సరములలో అంచెలంచెలుగా బరువు తగ్గించుచున్నారు.

ఈ కథ వలన తెలియునది ముఖ్యమైనది. తలకోత ఒకనాటి పనికాదు. అది చెట్టుతో చేసికొన్న ఒడంబడిక. మొదటి వేటు వేసినవాడు తరువాతి వేట్లకును బాధ్యుడు. వాడు తప్పుకొన్నచో ఆ పని వాని బిడ్డలపైనో, ఊరిపైనో పడును. ఎవరును చేయనిచో చెట్టు కూలును.

చెట్టు లోపల జరుగునది

తల నరికిన చెట్టు ఎట్లు బ్రదుకును? బెరడు క్రింద నిద్రమొగ్గలు అనేకము దాగియుండును. తల పోయినప్పుడు ఇవి మేల్కొని రెమ్మలుగా లేచును. వాటికి వలయు ఆహారము అంతకుముందు ఆకులు వండి మానులోను వేళ్లలోను నిలువచేసిన పిండిపదార్థము. కావుననే కోత చెట్టు నిద్రావస్థలో నున్నప్పుడు, కొత్త చిగురు రాకమునుపు చేయవలయును. చిగురు వేయుటకు నిలువ నంతయు ఖర్చుపెట్టిన మరునాడే ఆ చిగురును నరుకుట, విత్తనము చల్లి యప్పు తీర్చకమున్నే రైతు పంట జప్తు చేయుట వంటిది.

అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో (1930–2006) అను శాస్త్రజ్ఞుడు వేలకొలది చెట్లను నిలువునను అడ్డముగను కోసి గాయములను పరిశీలించెను. ఆయన కనుగొన్నది ఇది: మన చర్మమువలె చెట్టు గాయమును మాన్పుకొనదు, దాని చుట్టును అడ్డుగోడలు కట్టి లోపల మూసివేయును, పైన కొత్త కొయ్యను పెంచి కప్పివేయును. గాయము చిన్నదైనచో గోడ త్వరగా నిలుచును. గాయము పెద్దదై, మధ్యనున్న చేవ బయటపడినచో, చేవయందు జీవకణములు లేవు గనుక గోడ సరిగా కట్టుటకు వీలులేదు. బూజులు ప్రవేశించి మాను లోపల కుళ్లును. తారు గాని రంగు గాని పూసినంత మాత్రమున ఆ కుళ్లు ఆగదని కూడ ఆయన పరిశోధనలు తెలిపినవి.

తలకోత విద్య యంతయు ఈ రెండు సత్యములపై నిలిచియున్నది. మొదటి కోత చెట్టు చిన్నదిగా, మాను చేయి లావున నున్నప్పుడే వేయవలయును. అప్పుడు గాయము చిన్నది, మొగ్గలు సమృద్ధి. మొక్కై వంగనిది మానై వంగదను సామెత ఇచ్చటను వర్తించును. తరువాతి కోతలన్నియు ఆ చోటనే వేయవలయును. ఏటేట అచ్చట కొయ్య ముడిపడి బొడిపె యేర్పడును. ఆ బొడిపె చెట్టునకు ధాన్యపు గాదెయు, మొగ్గల నారుమడియును. రెమ్మలను బొడిపెకు ఆనించి కోయవచ్చును గాని బొడిపెను మాత్రము ఎన్నడును నరుకరాదు.

ఇట్లు పెరిగిన చెట్టు తల చిన్నది, బరువు తక్కువ. గాలి దానిని పట్టి కూల్చుట కష్టము. మాను మధ్య బోలైనను చుట్టునున్న కొయ్య బలముతో అది శతాబ్దముల కొలది నిలుచును. ఇంగ్లండులో అతివృద్ధములైన ఓకు, బీచి చెట్లలో పెక్కు ఒకప్పటి తలకోత చెట్లే. వాటి తొర్రలలో గుడ్లగూబలు, గబ్బిలములు కాపురముండును.

నగరము ఎందులకు స్వీకరించెను

నగరములో స్థలము తక్కువ, చెట్టుపై ఆశ యెక్కువ. నీడ కావలయును గాని కొమ్మ కిటికీని తాకరాదు. లండను వీధులలో విస్తారముగా నున్నది ప్లేను అను చెట్టు. ఇది అమెరికా జాతికిని తూర్పుదేశపు జాతికిని పుట్టిన సంకరము. బెరడు పెచ్చులుగా రాలుట వలన బొగ్గుపొగ మసి దానిపై నిలువలేదు. ఎంత కోసినను చిగుర్చును. ఇరుకు వీధులలో దీనిని కొన్నియేండ్ల కొకసారి తలకోసి అదుపులో నుంచుదురు. ఆ నగరములో చాల భాగము బంకమట్టి నేల. వేసవిలో పెద్ద చెట్లు నీరు పీల్చినకొలది ఆ మట్టి ముడుచుకొని యిండ్ల పునాదులు క్రుంగును. 1976 నాటి అనావృష్టిలో ఇట్టి నష్టము మిక్కుటమాయెను. ఆకుల విస్తీర్ణము తగ్గించిన చెట్టు త్రాగు నీరును తగ్గునని, పునాదుల దాపున నున్న చెట్లకు క్రమముగా కోత వేయుచున్నారు.

కాని అదే నగరములో బర్క్లీ స్క్వేరు అను ఉద్యానమున 1789లో నాటిన ప్లేను చెట్లు తలకోత లేకయే ఆకాశమంత యెత్తు పెరిగి యున్నవి. అచ్చట స్థలము కలదు, కోత పనిలేదు. తలకోత చెట్టు మేలు కొరకు చేయు పని కాదని గ్రహింపవలయును. చెట్టును మనిషి యిరుకులో నాటినప్పుడు, ఆ యిరుకునకు తగినట్లు దానిని బ్రదికించు ఉపాయమిది. స్థలమున్న చోట కత్తి యొరలోనే యుండుట మేలు.

కొమ్మల అల్లిక

అల్లిక మరింత ఓపిక గల పని. లిండెను, హార్నుబీము వంటి లొంగు కొమ్మల చెట్లను వరుసగా నాటి, గుంజలు పాతి, వాటి మధ్య అడ్డముగా తీగెలు గాని వెదురు బద్దలు గాని అంచెలుగా కట్టుదురు. మనిషి తలకంటె పైనుండి, ఇరుప్రక్కలకు పోవు లేత కొమ్మలను ఆ బద్దలకు కట్టి, ముందునకు వెనుకకు పొడుచుకొని వచ్చువాటిని తీసివేయుదురు. ప్రక్క చెట్టు కొమ్మను ఈ చెట్టు కొమ్మతో పెనవేయుదురు. కొన్నియేండ్లకు అవి రాచుకొన్నచోట అతుకుకొని ఒకటగుటయు కలదు. చట్రము గట్టిపడిన పిమ్మట గుంజలు తీసివేయుదురు. క్రింద మానులు స్తంభములవలె, పైన ఆకుల గోడ. మనము చేను చుట్టు దడి యల్లుదుము. వారు ఆ దడిని ఆకాశమున నిలిపిరి.

ఇంగ్లండులోని హిడ్‌కోట్ అను చోట లారెన్సు జాన్‌స్టను పెంచిన తోటలో హార్నుబీము చెట్లతో చేసిన ఇట్టి యల్లిక ప్రసిద్ధము. ఆ తోట 1948లో నేషనల్ ట్రస్టు అను సంస్థకు చేరి నేటికిని ప్రజల సందర్శనార్థమున్నది. కాని మన సభ్యులకు నచ్చునది హాలండు రైతుల యల్లిక. వారు ఇంటి ముంగిట లిండెను చెట్లను వరుసగా నాటి, గోడకు సమాంతరముగా పలుచగా అల్లుదురు. వేసవిలో ఆకులు యెండను ఆపి యింటిని చల్లగా నుంచును. చలికాలమున ఆకు రాలి సూర్యరశ్మి లోనికి వచ్చును. పందిరికయ్యు ఖర్చు లేదు. ఏటేట ఒకసారి కత్తిరించు శ్రమ మాత్రము తప్పదు.

మన యూళ్లలో జరుగుచున్నది

ఈ విద్య మన రైతునకు పూర్తిగా క్రొత్తది కాదు. హిందూపురము, మదనపల్లె ప్రాంతముల పట్టురైతు మల్బరీని కోసినకొలది చిగురు వచ్చునని యెరుగును. వరిగట్లపై గిరిపుష్పము పెంచువారు దానిని నడుమెత్తున నరికి, పాదుకొన్న పిమ్మట ఏటికి రెండు మూడు సారులు రొట్ట తీసి దమ్ములో త్రొక్కుదురు. ఎండిన గిరిపుష్పపు ఆకులో నూటికి సుమారు 3 పాళ్లు నత్రజని కలదు. కానుగయు, వేపయు, సుబాబులును కోతకు తాళి చిగుర్చును.

ఇంత యెరిగిన మనవారే వీధిలోని చెట్టువద్ద ఆ తెలివిని మరచుచున్నారు. తీగెలకు నేరుగా క్రింద పెద్దజాతి చెట్లను నాటుదురు. పదునైదేండ్లు ముట్టరు. తరువాత ఒక్కనాడు తొడలావు కొమ్మలను గొడ్డలితో నడిమికి నరుకుదురు. చేవ బయటపడి కుళ్లు పట్టును. మొద్దు అంచున రెమ్మలు గుబురుగా లేచును గాని అవి పై పొరలకు మాత్రమే అంటియుండును. బరువెక్కగానే గాలికి ఊడిపడును. ఇంతవరకు నీడనున్న బెరడు ఒక్కసారిగా యెండ తగిలి మాడును. మరుసటి కోత వేరొక చోట వేయుదురు. బొడిపె కట్టు అవకాశమే లేదు. చూచుటకు ఇదియు తలకోతవలెనే యుండును. ఫలితము మాత్రము మెల్లని మరణము.

మన తీరము తుఫానుల త్రోవ. 2014 అక్టోబరు 12వ తేదిన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము తాకినప్పుడు లెక్కకు మించిన చెట్లు కూలుట మన మెరిగినదే. అంతటి గాలికి మంచి చెట్టును కూలవచ్చును. కాని లోపల కుళ్లిన మాను చిన్న గాలికే మనుష్యులపై పడును.

సంఘములు చేయదగినది

ఇకముందు మన సంఘ భవనముల ఎదుట గాని, గ్రామ వీధులలో గాని, గట్లపై గాని చెట్లు నాటునప్పుడు ఈ క్రింది విషయములు గమనింప గోరుచున్నాము.

నాటకమునుపే పైకి చూడవలయును. తీగెలున్న చోట చిన్నజాతి చెట్లనే నాటిన కోత బాధయే యుండదు. పెద్దజాతి తప్పదన్నచో, రెండు మూడేండ్ల మొక్కగా నున్నప్పుడే తలకోత యెత్తు నిర్ణయించి మొదటి కోత వేయవలయును.

అన్ని చెట్లును దీనికి తగవు. తాడి, ఈత, కొబ్బరి చెట్లకు పెరుగుమొగ్గ తలలో నొక్కటియే. అది పోయిన చెట్టు పోవును. మన తీరమున పెంచు సరుగుడును కోతకు సరిగా చిగుర్చదు.

వాడియైన రంపము వాడవలయును, గొడ్డలితో చీల్చరాదు. నడివేసవిలోను, అనావృష్టిలోను కోత పనికిరాదు. ఇదివరకే పెద్దదైన చెట్టునకు తలకోత క్రొత్తగా మొదలుపెట్టరాదు. కొమ్మ పుట్టినచోట నుండు ఉబ్బెత్తు పట్టును విడిచి, అవసరమైన చిన్న కొమ్మలను మాత్రమే తీయవలయును. తీగెల దాపున విద్యుత్తుశాఖ వారు సరఫరా నిలిపినగాని ఎవరును చెట్టెక్కరాదు. చెట్టును పూర్తిగా కొట్టివేయుటకు 2002 నాటి వాల్టా చట్టము క్రింద అనుమతి పొందవలయును; ఊరుమ్మడి చెట్టుపై కత్తి పెట్టకమునుపు పంచాయతీ వారి నడుగుట న్యాయము.

అన్నిటికంటె ముఖ్యమైనది లెక్క. అప్పుల పద్దులు వ్రాయు సంఘము ఒక పుస్తకములో చెట్ల పద్దును వ్రాయవచ్చును: ఏ చెట్టు, ఏనాడు నాటినది, ఏ యెత్తున కోసినది, మరల ఏ సంవత్సరమున కోయవలసినది, రొట్టయు కట్టెలును ఎవరికి చేరవలసినది. ఒక రైతు తన జీవితకాలములో ఈ పనిని సాగింపగలడు. కాని చెట్టు ఆయుర్దాయము రైతు ఆయుర్దాయముకంటె పెద్దది. కార్యదర్శులు మారినను సంఘము నిలుచును గనుక, చెట్టుతో ఇట్టి ఒడంబడిక చేసికొనుటకు సంఘమే తగినది. పద్దు వ్రాసి మరుసటి కోత సంవత్సరము నిర్ణయింపలేని చోట, మొదటి కోత వేయకుండుటయే మంచిది.